రెండో పాటకీ మూడో పాటకీ మధ్య

అండమాన్‌లో మా బాంబూఫ్లాట్‌లో నన్ను పాటల పిచ్చిదంటారు. అననీ, ఊరి నోళ్ళకు మూతలున్నాయా? ఒక పాత సినిమా పాటల క్యాసెట్‌ను గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకునే ఆడదాన్ని ఇంకేమంటారు? ఈ ఉప్పుగాలికి రీలు బూజు పడుతుంది, అందుకే బియ్యంలో. నిజం చెప్పాలంటే ఆ పాటలంటే నాకు ఒళ్ళుమంట. అందులో హీరోయిన్ ఊరికే ఏడుస్తుంది.

నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే, హిందీ బడిలో. తెలుగు గలగలా మాట్లాడతాను గానీ చదవడం రాదు. దగ్గు ముదిరి మా ఆయన కన్నారావును వైజాగ్ ఆసుపత్రికి పంపించినప్పుడు ఉత్తరాలు పనికిరాలేదు. మొగుడి ముచ్చట్లు పక్కింటావిడ చదివి వినిపిస్తుంటే సిగ్గు కాదూ? అందుకని ఆయన క్యాసెట్‌లో మాట్లాడి ఓడలో వచ్చేవాళ్ళ చేతికిచ్చేవాడు. నేను విని, దాని మీదే షాపులో కొత్త సినిమా పాటలు ఎక్కించి తిరుగు ఓడకు పంపేదాన్ని. అక్కడ పొద్దు పోవడం లేదని పాటలు అడిగింది ఆయనే. మా దీవుల్లో చాలామంది అంతే, ఒకే క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పుకునేవాళ్ళం.

చివరిసారి ఆయన రాలేదు. క్యాసెట్ మాత్రం ఆయన బట్టల మూటలో వచ్చింది. అన్నీ నేను పంపిన పాటలే. కానీ ఎక్కించినవాడు రెండో పాటకీ మూడో పాటకీ మధ్య కాస్త రీలు చెరపకుండా వదిలేశాడు. అక్కడ ఆయన దగ్గు, దాని వెనకే నన్ను పేరుపెట్టి పిలిచే గొంతు. "దేముడూ, కడుపులోది తంతన్నాదేటే? దానికి నా గొంతు ఇనిపించు."

ఆ కడుపులోది మా శ్రావణి. పిల్లకు నడక రాకముందే మా టేప్‌రికార్డర్ చచ్చింది. ఇంకెవరి దాంట్లోనైనా పెడదామంటే రీలు నమిలేస్తుందని భయం. "నాన్న గొంతు ఎలాగుండేదమ్మా?" అని చిన్నప్పుడు శ్రావణి నా ప్రాణం తీసేది. ఉందని చెప్పాక రీలు పలక్కపోతే పిల్ల గుండె పగిలిపోదూ? నోరు మూసుకున్నాను. మంచి మెషిన్ దొరికిన రోజున ఇద్దరం పక్కపక్కన కూర్చుని వినాలని నా ఆశ.

మొన్న ఆదివారం శ్రావణి ఫెర్రీ దిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను నా చెవి దగ్గర పెట్టింది. నా పాటలే!

"నీకు తెలీకుండా డబ్బాలోంచి పట్టుకుపోయానమ్మా. గోపీచంద్ భయ్యా షాపులో కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎంత సాఫ్‌గా వచ్చిందో చూడు!"

రెండో పాట అయింది. ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను. వెంటనే మూడో పాట మొదలైపోయింది.

"మధ్యలో ఏదో ఉండాలే?"

"ఓ, అదా! ఎవడో ముసలోడు దగ్గి ఏదో గొణిగాడమ్మా, ఒక్క ముక్క అర్థమై చావలేదు. భయ్యా 'దీదీ, యే కాట్ దూఁ?' అన్నాడు. 'కాట్ దో' అని కోసేయమన్నాను."

"క్యాసెట్ ఏదే?"

"రీలు ముక్కలైపోయింది, పారేశాడు."

"మరి ఆ కోసేసిన ముక్క?"

"చెత్త ఎవరుంచుకుంటారమ్మా? డిలీట్!" అని నవ్వింది.

దాని చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. అప్పుడు మొహం చూశాను. బళ్ళో ఫస్టొచ్చి నాకు చెప్పడానికి పరిగెత్తుకొచ్చినప్పటి మొహమే. తండ్రి గొంతు కోసం ఏడ్చిన పిల్ల ఆ గొంతు విన్నది, విని కోసేయమన్నది. ఈ సంగతి చెబితే బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. లేచిన చేత్తోనే తల నిమిరాను.

"ఏడుస్తున్నావేటమ్మా? బాగోలేదా?"

"ఆ హీరోయిన్ ఏడుపు ఉందే, నన్నూ ఏడిపించి చంపుతోంది. మళ్ళీ పెట్టు."

పెట్టింది. రెండో పాట ముగిసే చోట, పిల్లకు వినపడకుండా ఆయనకు చెప్పాను.

"ఇన్నాదయ్యా. నీ కూతురు నీ గొంతు ఇన్నాది."