ఒక తాలుకాయ

ఆదాం పర్చూరు నుంచి గుంటూరు వచ్చేనాటికి అతని దగ్గర ఇరవై ఆరు రూపాయలున్నాయి. కాలేజీ ఫీజు మొదటి వాయిదా కట్టాక రెండు మిగిలాయి. ఆ రెండూ ఖర్చయ్యేలోపే రోశయ్యగారి మిరపకాయల కమీషన్ కొట్టుకి వెళ్ళి, బస్తాల తూకాలన్నీ కాగితం లేకుండా నోటితోనే కూడి చూపించాడు. రోశయ్య కొట్టు వెనక గది తాళం తీసి ఇచ్చాడు.

పొద్దున కాలేజీ, సాయంత్రం కొట్టు. చొక్కా ఎంత ఉతికినా మిరప ఘాటు పోయేది కాదు. క్లాసులో అతని పక్కన కూర్చున్నవాడు నాలుగు తుమ్ములు తుమ్మి వెనక బెంచీకి పోయేవాడు. రెండో ఏడాదికి ఆ బెంచీ మొత్తం ఆదాందే అయింది.

అన్ని మిరపకొట్లలో ఉన్నట్టే అక్కడా, మిరపకాయల రాశి దగ్గర అబద్ధమాడితే ఆడినవాడి కాళ్ళ దగ్గరున్న కాయ తెల్లబడి తాలయ్యేది. తాలుకాయకి ధర రాదు. అందుకే బేరాలు నోటితో కాకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసేవాళ్ళు. వేళ్ళు ఏం చెప్పినా కాయలు పట్టించుకోవు. ఎప్పుడైనా ఎవరి నోరైనా జారితే, తెల్లబడ్డ కాయని, కొట్లో కాయలేరే రసూల్‌బీ ఏరి పక్కన పోసేది. ఎవరేమన్నారని అడిగేది కాదు.

ఆదాంకి ఈ ఏర్పాటు నచ్చింది. మంచీచెడ్డా తేల్చడానికి ఇంతకంటే సులువైన లెక్క ఉండదనుకున్నాడు. తర్కం పరీక్షలో, అబద్ధం చెప్పనివాడు మోసం చేసినట్టు కాదని రాశాడు. లెక్చరరు పక్కన ఎర్రసిరాతో 'మరి విన్నవాడు ఏం నమ్మాడు?' అని రాశారు. ఆయన మిరపకొట్టు ఎప్పుడూ చూసి ఉండరని ఆదాం నవ్వుకున్నాడు.

ఆ ఫిబ్రవరిలో పొదిలి వైపు నుంచి మాలకొండయ్య సరుకు తెచ్చాడు. బావి ఇంకొంచెం లోతు చేయిస్తే మిరపతోట నిలబడుతుందనీ, ధర ఎనిమిది రూపాయలు దాటకపోతే తోట మానేసి కూలికి పోవడమేననీ వచ్చినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. రోశయ్య తువ్వాలు కింద కొనేవాడితో తొమ్మిదికి ఖాయం చేసుకున్నాడు. తర్వాత అదే తువ్వాలు మాలకొండయ్య చేతిమీద కప్పి ఎనిమిది అని వేళ్ళు నొక్కాడు. నోరు మెదపలేదు. కొనేవాడి బిల్లు తొమ్మిది చొప్పునా, రైతు చేతికిచ్చే లెక్కచీటీ, పట్టీ, ఎనిమిది చొప్పునా వేసింది ఆదామే. మధ్య రూపాయి, కమీషన్ కాక, రోశయ్యకి మిగిలేది. రెండేళ్ళుగా అలా వేస్తూనే ఉన్నాడు. కాయలు ఎర్రగా ఉన్నాయి గనక తప్పు లేదనుకున్నాడు. ఇంతవరకూ ఏ రైతూ అతన్ని ఏమీ అడగలేదు.

మాలకొండయ్య అడిగాడు.

"అబ్బాయ్, నువ్వు చదువుకుంటున్నోడివి. లెక్క సరిగ్గానే ఉందా?"

"తూకానికీ పట్టీలో ధరకీ లెక్క సరిపోయిందండి."

మాలకొండయ్య అతని మొహం చూడలేదు. అతని కాళ్ళ దగ్గరున్న కాయల్ని చూశాడు. అన్నీ ఎర్రగానే ఉన్నాయి.

"అయితే సరే. సాయంత్రం దొనకొండ బండికి పోతా. ఆ బావి పూడ్చేస్తాలే," అని తలగుడ్డ దులిపి కట్టుకున్నాడు.

ఆదాం కూడా కాయల్నే చూస్తూ ఉండిపోయాడు. ఒక్కటైనా తెల్లబడితే బాగుండునని మొదటిసారి అనిపించింది. తను చెప్పింది నిజమే. ఆ మనిషి నమ్మి వెళ్ళింది మాత్రం నిజం కాదు. కాయలు మాట వరకే చూస్తాయి, మిగిలింది మనిషే చూసుకోవాలి కాబోలు. ఈ సంగతి ఎవరితోనైనా అనాలనిపించింది. కాలేజీలో ఖాళీ బెంచీ గుర్తొచ్చింది.

సాయంత్రం రోశయ్య ఇంటి నుంచి అన్నం క్యారేజీ తెచ్చి రాశి పక్కనే పెట్టాడు.

"ఒరేయ్ ఆదాం, పరీక్షలయ్యాక ఇక్కడే గుమస్తాగా ఉండిపో. అప్పటిదాకా ఫీజు నేను కడతా. నిన్నెప్పుడూ పరాయివాడనుకోలేదురా."

కాయలు కదలలేదు, రంగు మారలేదు. ఆ మాట నిజం. ఊరు మొత్తమ్మీద తనని పేరు పెట్టి పిలిచే మనిషి ఆయనొక్కడే.

"ఉంటానండి. నాకూ సంతోషమే," అన్నాడు ఆదాం.

అతని కుడికాలి బొటనవేలి పక్కన ఒక కాయ తెల్లబడింది.

రోశయ్య చూశాడు. క్యారేజీ గిన్నెలు విడదీస్తూ కూర్చున్నాడు. రసూల్‌బీ అలవాటుగా చెయ్యి చాచి కాయ తీసింది. తాలు కుప్ప మీద వెయ్యబోయి ఆగి, అతని చేతిలో పెట్టింది.

"నీదేనబ్బాయ్. దీనికి ఘాటుండదు. కాలేజీకి పట్టుకుపో, ఎవడన్నా తుమ్మకుండా పక్కన కూచుంటాడేమో."

ఆదాం లేచాడు. "అన్నం చల్లారిపోద్దిరా," అని వెనక నుంచి రోశయ్య అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అదుంటే నడవడం తేలికయ్యేది.

స్టేషన్‌కి వెళ్ళేసరికి బండి కదలడానికి సిద్ధంగా ఉంది. మూడో తరగతి పెట్టె కిటికీలో మాలకొండయ్య తలగుడ్డ కనిపించింది. చెబితే గది పోతుంది, ఫీజు పోతుంది, పేరు పెట్టి పిలిచే గొంతు పోతుంది. చెప్పకపోతే బావి పోతుంది. ఆదాం ఎంతసేపు కూడినా ఈ లెక్క ఎటూ సరిపడలేదు. సరిపడకపోయినా ఏం చెయ్యాలో తెలుస్తూనే ఉంది.

బండి కూత వేసింది. తర్వాతి స్టేషన్ నల్లపాడులో ఆగుతుంది. అంతలో చెప్పేస్తే, ఇద్దరూ అక్కడ దిగి కొట్టుకి వెనక్కి నడిచి రావచ్చు. తువ్వాలు లేకుండా, నోటితోనే, తొమ్మిది అనాలి.

తాలుకాయని జేబులో వేసుకుని, తలుపు పక్క కమ్మీ పట్టుకుని, ఆదాం మెట్టు మీదికి కాలెత్తాడు.