తొవ్వను మింగిన మేక

రఫీ నుంచి ఫోను వచ్చేదాకా పద్మలతకు ఏ పాఠమూ చెవికెక్కదు. రఫీ బడిపిల్లల ఆటో నడుపుతాడు. పొద్దున తొమ్మిదింపావుకు చందనను బడి గేటు లోపలికి పంపించి, ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేస్తాడు. చందనకు ఇంకా ఆరేళ్లు నిండలేదు. ఆ ఒక్క మోత కోసం పద్మలత మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో మూడో బెంచీ చివర, ఫోనును నోటుపుస్తకం కింద సగం దాచుకుని కూర్చుంటుంది.

ఆ సోమవారం మోత తొమ్మిదిన్నరకు గాని రాలేదు. అప్పటికే కొత్తగా వచ్చిన తుల్సీరాం సారు బోర్డు మీద 'పురాణాలు, జానపద విజ్ఞానం' అని రాసి, కింద గీత కూడా గీశాడు.

"పుస్తకం తర్వాత తెరుద్దాం. ముందు మీ ఇంట్లనో, మీ వాడకట్టులనో ఒకరి నోటి నుంచి ఒక కథ వినున్రి. ఫోన్ల వెతికి తెస్తె నాకు తెలిసిపోతది," అన్నాడు సారు. "ఎవరు చెప్పిన్రు, ఏ పూట చెప్పిన్రు, చెప్పేముందు ఏం చేసిన్రు, ఏం చెయ్యొద్దన్నరు, గవన్నీ రాసుకరావాలె. బుధవారం ఒకరు ఈడ నిలబడి చెప్పాలె. ఎవరు చెప్తరు?"

అందరూ తలలు దించుకున్నారు. వెనక బెంచీ నుంచి హరీశ్ గొంతు వినిపించింది.

"పద్మక్కను అడుగున్రి సార్. మా అందరికన్న ఎక్కువ లోకం చూసింది. తన పెండ్లి కథ చెప్పినా సరిపాయె."

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "మంచిది. బుధవారం మీరే చెప్పాలమ్మా," అన్నాడు.

పద్మలత నోటుపుస్తకంలో 'బుధవారం' అని రాసుకుంది. ఇంటర్ రెండో ఏడు సగంలో ఆగిపోయిన చదువు ఆమెది. పద్దెనిమిది నిండగానే పెళ్లయింది, మరుసటి ఏడు చందన పుట్టింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేసి, పాతికేళ్ల వయసులో ఈ పిల్లల మధ్య వచ్చి కూర్చుంది. భర్త ఐలేశ్ భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడుపుతాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. చదువుకోమని ఒప్పుకున్నది ఆయనే. అత్త కనకలక్ష్మి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పి పెట్టింది.

"పోతె పో. నేనెందుకు అడ్డమొస్త? కని నీ చదువు మోజుల నా మనుమరాలికి ఏమన్న అయిందనుకో, గా పుస్తకాలు పొయిల వెట్టి అన్నం వండుత."

అత్త అన్నంత పనీ చేస్తుంది. అందుకే పద్మలతకు రోజూ రెండు భయాలు. పాపకు ఏమవుతుందో అన్నది ఒకటి. ఏమీ కాకపోయినా, ఏదో అయ్యిందని చదువు ఆగిపోతుందేమో అన్నది రెండోది.

మంగళవారం తెల్లవారుజాము నుంచే వాన పట్టుకుంది. కాలేజీ మధ్యాహ్నమే వదిలారు. నెల్లికుదురులో బస్సు దిగి, ఇంకో మూడు కిలోమీటర్లు షేర్ ఆటోలో వచ్చి, ఇల్లు చేరేసరికి రెండున్నర. చందన బడి ఉన్నది నెల్లికుదురులోనే. అది వదిలేది నాలుగింటికి. దారిలో పాపను తీసుకొచ్చేద్దామా అని ఒకసారి అనిపించింది గాని, సగం పూటలో తీసుకురావడానికి బళ్లో ఒప్పుకోరని ఊరుకుంది.

పక్కింటి అరుగు మీద హసన్ బీ సంచి సర్దుకుంటోంది. రఫీకి అమ్మమ్మ ఆమె, నానీ అని పిలుస్తాడు. ఒకప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా గాజులమ్మింది. ఇప్పుడు దీపాలు పెట్టినాక వాడకట్టు పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి కథలు చెబుతుంది. పద్మలత ఆ కథలు వినాలనుకున్నప్పుడల్లా పొయ్యి మీద కూర ఉంటుంది.

"ఏడికి పోతున్నవ్ అవ్వా?"

"జనగామకు బిడ్డా. మా మనుమరాలు కహ్కషాన్‌కు కాన్పు దినాలు దగ్గరవడ్డయి. నాలుగు గంటల బస్సుకు పోత. మల్ల నలభై రోజులు గాడనే."

బుధవారం అంటే రేపే. పద్మలత ఆ అరుగు మీద కూలబడి, సారు చెప్పిందంతా చెప్పి, ఒక కథ చెప్పమని అడిగింది.

హసన్ బీ సర్దడం ఆపింది. "ఇప్పుడా? పొద్దుండంగనా? తోబా తోబా. పగటిపూట కథ చెప్తె తొవ్వల పోయేటోళ్లు తొవ్వ తప్పుతరు."

"గది ఎవరో తొవ్వల పోయేటోళ్లకు గదనే అవ్వా."

"తొవ్వల పోయేటోళ్లల్ల మనోళ్లు ఉండరా పొల్లా?"

పద్మలత మనసులో అప్పుడు తొవ్వల పోయేవాళ్లెవరూ లేరు. ఉన్నది ఒకటే, రేపు ఇరవై మంది ముందు నోరు తెరిచి ఏమీ చెప్పలేక నిలబడే తన ఆకారం. "జర నా కోసం చెప్పు అవ్వా. నాకు సాయంత్రం అన్నదే లేదు. నీకు తెల్వదా?" అంది.

హసన్ బీ ఆమె ముఖం చూసి మెత్తబడింది. "అయితె ముడెయ్యి. నీ చున్ని కొసకు. మీవోళ్లు తొవ్వల ఎవరున్నరో వాళ్ల పేరు తలుసుకొని ఎయ్యాలె. ఒక్కొక్కలికి ఒక్క ముడి. వాళ్లు చేరేటి కాడికి చేరినంకనే విప్పాలె."

పద్మలత కళ్ల ముందు టిప్పర్ మెదిలింది. భూపాలపల్లి రోడ్డు, వాన, బొగ్గు దుమ్ము కలిసిన బురద. ఐలేశ్ పేరు మనసులో అనుకుని ఒక ముడి వేసింది. ఫోను రికార్డింగు నొక్కింది.

"ఒక అవ్వ ఉండె. ఆమెకు ఒక మేక ఉండె," అని మొదలుపెట్టింది హసన్ బీ. "అవ్వ ఇంటికి ఎవ్వలూ వస్తలేరు. ఎవ్వలూ నడువక తొవ్వ నిండ గడ్డి మొలిచింది. మేక గడ్డి మేసుకుంట మేసుకుంట తొవ్వను గుడ మింగింది. గా దినమే అవ్వ మనుమరాలికి పెండ్లిచూపులు. వచ్చేటోళ్లకు తొవ్వ దొరుకుతలేదు. మేకా మేకా, నా తొవ్వ నాకియ్యవే అన్నది అవ్వ. ఇస్తగని ముందు నాకు చిగురాకు తే అన్నది మేక. అవ్వ చెట్టు కాడికి పోయింది. చిగురియ్యాలంటే నాకు నీళ్లు తే అన్నది చెట్టు. అవ్వ వాగు కాడికి పోయింది. నీళ్లియ్యాలంటే..."

వాకిట్లో కారు హారన్ కొట్టింది. కహ్కషాన్ మరిది జానీమియా కిటికీలోంచి తల బయటపెట్టి, "నొప్పులు షురువైనయ్. బస్సు గిస్సు వద్దు, జల్ది ఎక్కు నానీ," అని అరిచాడు. సంచి కారులో పడింది. హసన్ బీ కూడా ఎక్కింది. కారు కదులుతుంటే వెనక్కి తిరిగి, "ముడి విప్పకు బిడ్డా," అన్నది మాత్రం వినిపించింది.

వాగు ఏమడిగిందో పద్మలతకు తెలియలేదు.

నాలుగున్నరయింది. చందన ఆటో రాలేదు. వాన కదా, మెల్లగా వస్తుందనుకుంది. పావుతక్కువ ఐదుకు రఫీకి ఫోను చేసింది. స్విచ్చాఫ్. బడికి చేసింది. ఆటో నాలుగు గంటలకే వెళ్లిపోయిందని ఎవరో ఆడమనిషి చెప్పి పెట్టేసింది. మూడు కిలోమీటర్ల దారికి ఇంతసేపు పడుతుందా? మళ్లీ రఫీకి చేసింది. మళ్లీ స్విచ్చాఫ్.

అప్పుడు ముడి సంగతి గుర్తొచ్చింది. ముడి వేసేటప్పుడు పాప బడి నాలుగు గోడల మధ్య ఉందనుకుంది. నాలుగు తర్వాత పాప కూడా తొవ్వలోనే ఉంటుందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. చున్నీ కొస చేతిలోకి తీసుకుని చూసింది. ఒకటే ముడి. ఇప్పుడు ఇంకోటి వేస్తే చెల్లుతుందా? అడగడానికి హసన్ బీ లేదు.

ఇవన్నీ ఒట్టి మాటలని ఆమెకు తెలుసు. తెలిసినా ముడి మీది నుంచి వేళ్లు తీయలేదు.

కనకలక్ష్మి చేను నుంచి తడిసి ముద్దయి వచ్చింది. గడ్డిమోపు కింద పడేస్తూ, "పోరి ఏది?" అంది.

"ఇంక రాలే అత్తమ్మా."

"రాలేదంటె ఏంది? ఐదు దాటె."

ఇద్దరూ గొడుగు కూడా మరిచి వాగు వైపు నడిచారు. దారిలో గొర్లను తోలుకొస్తూ లస్మయ్య ఎదురయ్యాడు. "వాగు వంతెన మీదికెల్లి నీళ్లు వోతున్నయ్. నాలుగింటికే మునిగింది. ఎవ్వలూ దాటుతలేరు," అన్నాడు.

"బడి ఆటో కనవడ్డదా అన్నా?" అడిగింది పద్మలత.

"ఆటో గీటో నేనైతె జూడలే చెల్లె."

వంతెన కనిపించడం లేదు. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. అవతలి గట్టు మీద ఒక్క మనిషి లేడు. పద్మలత నీళ్లలోకి చూడలేకపోయింది, చూడకుండానూ ఉండలేకపోయింది. నీళ్లలో ఒక పచ్చటి సంచి కొట్టుకొచ్చింది. చందన బడి సంచి కూడా పచ్చదే. అది దగ్గరికి వచ్చి, యూరియా సంచి అని తేలేదాకా ఆమెకు ఊపిరాడలేదు.

"అత్తమ్మా," అంది, ఇక దాచలేక. "నేను పగటిపూట కథ చెప్పిచ్చుకున్న. హసన్ బీ వద్దన్నది. నేనే బతిమాలిన. కాలేజీల రేపు చెప్పాలెనని."

తిట్లు వస్తాయనుకుంది. పుస్తకాల మాట వస్తుందనుకుంది. కనకలక్ష్మి ఆమెను అదోలా చూసింది.

"ముడేసినవా?"

"ఏసిన."

"ఎన్ని?"

"ఒక్కటే. ఆయనకు."

"మరి పొల్లకు?"

"బడిల ఉన్నదనుకున్న అత్తమ్మా."

కనకలక్ష్మి గట్టు రాయి మీద కూర్చుంది. తడిసిన కొంగు కొస పిండి, ముడి వేసింది. నోట్లోనే ఏదో అనుకుంది. పద్మలత వైపు చూడకుండా, "నా కొడుకు టిప్పర్ ఎక్కిన కాన్నుంచి నా కొంగు ముడి లేకుండ లేదు," అంది. "గాజులు అమ్మనీకి వచ్చినప్పుడు నాకు చెప్పింది గా హసన్ బీయే."

ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఆటో హారన్ వినిపించింది, కాని వాగు వైపు నుంచి కాదు. వాళ్ల వెనక, ఊరి లోపలి నుంచి.

పరుగెత్తారు. ఇంటి ముందు ఆటో ఆగి ఉంది, చక్రాల నిండా బురద. లోపల ఆరుగురు పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. చందన దూకి వచ్చి తల్లి కాళ్లను చుట్టేసుకుంది. పద్మలత పాప తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"ఫోన్ ఏమైందిరా నీకు?" కనకలక్ష్మి రఫీ మీద పడింది.

"ఫోన్ల నీళ్లు వొయినయ్ పెద్దమ్మా. వాగు నిండింది, పిల్లలతోని ఎట్ల దాటాలె? తండా మీదికెల్లి సుట్టు తిరిగొచ్చిన. నడుమల తొవ్వ గుడ తప్పిన. రెండుసార్లు గదే చెరువు కాడికి వచ్చిన," అన్నాడు రఫీ తల గోక్కుంటూ.

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పిల్లలు ఏడ్సిన్రా?" అడిగింది పద్మలత.

"ఏడ్సిన్రు. అందుకే నానీ చెప్పేటి మేక కథ చెప్పుకుంట వచ్చిన."

"పగటిపూటనా?" కనకలక్ష్మి దాదాపు అరిచింది. "నీ నోట్లె మన్ను వడ! నువ్వు గుడ పగటిపూటనేనా?"

దీపం పెట్టినాక చందనే కథ మిగతా సగం చెప్పింది. పద్మలత ఒళ్లో కూర్చుని, చేతులు తిప్పుతూ. "వాగేమో, నీళ్లియ్యాలంటే నన్ను నవ్వియ్యి అన్నది. అవ్వ ఎగిరి దునికింది. వాగు నవ్వి నీళ్లిచ్చింది. నీళ్లు పోస్తె చెట్టు చిగురిచ్చింది. మేక చిగురు తిన్నది. కడుపు నిండి డుర్రుమని పిత్తింది. తొవ్వంత బయటికొచ్చింది!"

పొయ్యి దగ్గర కనకలక్ష్మి వీపు కదలడం కనిపించింది. నవ్వుతోంది. "హసన్ బీ గట్ల చెప్పది. తుమ్మింది అంటది. గా రఫీగాడు ఖరాబు చేసిండు కథను," అంది.

ఆ రాత్రి కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు. రేపు పోవాలో వద్దో పద్మలత అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనన్న భయంతో పడుకుంది. పొద్దున వాన వెలిసింది, వంతెన తేలింది. ఆమె జడ వేసుకుంటుంటే అత్త తీగ మీద ఆరేసిన నిన్నటి చున్నీ లాగి, చుట్టచుట్టి ఆమె భుజం మీదికి విసిరింది. "బస్సు పోతది. నడువ్," అంది. అంతే.

క్లాసులో సారు పిలిచాడు. పద్మలత లేచి ముందుకు పోయి నిలబడింది. "సార్, ఈ కథ పగటిపూట చెప్పరాదు," అంది.

హరీశ్ అందుకున్నాడు. "అయితె పొద్దుగూకేదాక ఉండాలెనా అక్కా? బస్సు పోదా?"

"ఎందుకు చెప్పరాదు?" సారు కుర్చీలో ముందుకు జరిగాడు.

ఆమె చెప్పింది. తొవ్వల ఉన్నవాళ్ల సంగతి, ముడి సంగతి, నిన్నటి వాగు సంగతి. చెబుతుండగా క్లాసు నెమ్మదించింది. ముడి చూపిద్దామని చున్నీ కొస ముందుకు లాగింది. తను నిన్న వేసింది ఒకటే. అక్కడ మూడు ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, గట్టిగా బిగించి.

టేబుల్ మీద ఫోను ఒకసారి మోగి ఆగింది. రఫీ. తడిసిన ఫోనులోని సిమ్ము ఇంకో ఫోనులో వేసుకున్నట్టున్నాడు. పద్మలత అందరి ముందే ఒక ముడి విప్పింది. "ఇది నా బిడ్డది. బడికి చేరింది," అంది. ఐలేశ్ రాత్రి డ్యూటీ దిగి రూముకు వచ్చానని పొద్దున మెసేజ్ పెట్టాడు. రెండో ముడీ విప్పింది.

"మూడోది ఎవరిదక్కా?" ఈసారి హరీశ్ గొంతులో వెటకారం లేదు.

పద్మలత దాన్ని వేళ్ల మధ్య పట్టుకుంది. పొద్దున చున్నీ చుట్టచుట్టి విసిరిన అత్త చేతులు గుర్తొచ్చాయి. ఈ ముడి విప్పాలంటే సాయంత్రం బస్సు దిగి, వాగు దాటి, ఇంటి గడప తొక్కాలి.

చున్నీని భుజం మీదికి సర్దుకుంది.

"ఒక అవ్వ ఉండె. ఆమెకు ఒక మేక ఉండె," అని మొదలుపెట్టింది.