చంద్రిక తీసేసిన లైను

గిరి చనిపోయి మూడు నెలలైంది. కళ్యాణదుర్గంలోని ఆ చిన్న ఆఫీసులో అతని పేరు ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు మాత్రమే వినబడుతోంది.

చుట్టుపక్కల ఊళ్లలో బోర్ల నీటిమట్టం కొలిచి, ఏ బోరు ఎన్నాళ్లు నీళ్లిస్తుందో రైతులకు ముందుగా చెప్పడం ఆ ఆఫీసు పని. ప్రోగ్రాం పైభాగం చంద్రిక పైథాన్ భాషలో రాసింది. లెక్కలు త్వరగా తేలడానికి లోపలి మాడ్యూల్‌ను గిరి సి భాషలో రాసి, కంప్యూటర్ నేరుగా నడిపేలా కంపైల్ చేసి జతచేశాడు. పదిహేను రోజులుగా అది కారణం చెప్పకుండా కూలిపోతోంది. ఒకసారి నూరో బోరు దగ్గర, ఇంకోసారి వెయ్యో బోరు దగ్గర.

"గిరి రాసిందంతా తీసేసి కొత్తగా రాయమ్మా," అన్నాడు ఆఫీసు పెద్ద రామప్ప. "శెనిక్కాయ ఇత్తనం ఏసేకి రైతులు మన మాట కోసరం చూస్తాండారు. ఆ పిల్లోడు యాడనో తప్పు చేసి పోయినాడు."

మూలన కొలతల కాగితాలు సర్దుతున్న అశ్విని తల వంచుకుంది. ఆమె గిరి చెల్లెలు. ఊరూరా తిరిగి కొలతలు తెచ్చేది ఆమే.

"ఒక్క దినం ఇయ్యన్నా," అంది చంద్రిక.

మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేసి, తప్పు ఎక్కడుందో వెతికే డీబగ్గర్‌లో నడిపింది. మధ్యాహ్నానికి కూలింది. కూలిన చోటు గిరి రాసిన ఫంక్షనే. కానీ అక్కడ తప్పేమీ లేదు. అప్పటికే తుడిచేసిన మెమరీని అది చదవబోయింది. ముందే తుడిచిందెవరు? కోడులో చేసిన పాత మార్పులు ఒక్కొక్కటే తిరగేసింది.

ఎవరూ వాడటం లేదనుకున్న డేటాను పైథాన్ తానే తుడిచేస్తుంది. "నేనింకా వాడుతున్నాను, తుడవొద్దు" అని సి కోడు చెప్పుకోవాలి. గిరి ఆ లైను రాశాడు. సరిగ్గా పదిహేను రోజుల కిందట కోడు శుభ్రం చేస్తూ, అక్కర్లేదనుకుని ఎవరో తీసేశారు. ఆ మార్పు పక్కన పేరుంది: చంద్రిక.

లైను తిరిగి పెట్టి ఐదుసార్లు నడిపింది. ఒక్కసారీ కూలలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అయినా లేచి రామప్ప దగ్గరికి వెళ్లింది.

"అన్నా, తప్పు గిరిది కాదు, నాది. ఆయప్ప సరిగ్గానే రాసినాడు. నేనే తెలీక తీసేసినా."

రామప్ప అశ్విని వైపు తిరిగాడు. "నేనూ నోరు జారినా అశ్వినీ," అన్నాడు.

అశ్విని దగ్గరికొచ్చింది. "మాయన్న రాసింది యాడుండాదో చూపించక్కా."

చంద్రిక చూపించింది. ఆ అక్షరాలు అశ్వినికి అర్థం కావు. అయినా చాలాసేపు చూసింది.

"నీ మీద కోపం రాలేదని చెప్పనక్కా," అంది. "చెప్పినావు, అది చాలు."

కాగితాలు తెచ్చి చంద్రిక ముందు పెట్టింది. సాయంత్రం దాకా ఇద్దరూ కలిసి కొలతలు కంప్యూటర్‌లో ఎక్కించారు.