పాలిష్ పట్టని బీరువా

పాత సామాన్ల వేలంలో మామగారు జంట టేకు బీరువాలు కొన్నారు. ఒకటి అల్లుడికి, ఒకటి కొడుక్కి అప్పగించి పందెం పెట్టారు.

"ఎవరిది అద్దంలా మెరిస్తే మన చెక్కసామాన్ల కొట్టు తాళాలు వాళ్ళకే."

ఆ కొట్లో అల్లుడు ఏళ్ళ తరబడి గొడ్డు చాకిరీ చేశాడు. తాళాలు చేతికొస్తే యజమాని, రాకపోతే జీవితాంతం కూలివాడు. అందుకే ప్రాణం పెట్టాడు. పాత రంగు గీకాడు. చెదలు తిన్న కాలు కోసి కొత్త ముక్క అతికించాడు. పూత మీద పూత వేశాడు.

బావమరిది మాత్రం బట్టతల నిమురుకుంటూ, ఈలలేసుకుంటూ కూర్చున్నాడు. "నీ చేతిలో మంత్రముంది బావా. నా చేతిలో ఉన్నది గరుకు కాగితమేగా!"

చివరి రోజు వచ్చింది. తీర్పు ఆ సాయంత్రమే. మధ్యాహ్నం భార్య క్యారియరు తెచ్చింది. అల్లుడు పెరట్లో చేతులు కడుక్కొచ్చి, భోంచేసి, చివరి పూతకు గుడ్డను లక్క పాలిష్‌లో ముంచాడు. తలుపు మీద ఒక్క చుట్టు తిప్పాడో లేదో, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

తామరాకు మీద నీళ్ళలా పాలిష్ జారిపోతోంది. స్పిరిట్‌తో తుడిస్తే కింది పూతలూ ఊడొచ్చాయి. వేలితో రుద్ది వాసన చూశాడు. తలనూనె!

పళ్ళు నూరుతూ బావమరిది మీదికి ఉరికాడు. సగం దూరంలోనే ఆగిపోయాడు. బట్టతలవాడికి తలనూనెతో పనేముంది?

వెనక్కి తిరిగాడు. భార్య తలెత్తకుండా గిన్నెలు సర్దుతోంది.

"నువ్వేనా?"

"తమ్ముడికి ఈ కొట్టు తప్ప దిక్కులేదండీ. మీకు పనొచ్చు. ఎక్కడైనా బతికేస్తారు."

"పనొచ్చిన పాపానికి నా నోట్లో మట్టి కొట్టావా?"

ఆమె క్యారియరు మూత బిగించింది.

సాయంత్రం మామగారు వచ్చారు. తలుపు మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒక్క క్షణం కూతురి జడ వైపు చూశారు. ఆ చూపు అల్లుడు పట్టేశాడు. హమ్మయ్య, పెద్దాయనకు అర్థమైంది అనుకున్నాడు.

మామగారు జేబురుమాలుతో వేలు తుడుచుకున్నారు. "తొందరపడి చెడగొట్టుకున్నావు అల్లుడూ" అంటూ తాళాల గుత్తి కొడుకు చేతిలో పెట్టారు.

"నూనె రాశారు మామయ్యా! ఎవరు రాశారో మీకూ తెలుసు."

"ఇంటి గుట్టు వీధిలో పెట్టకు" అన్నారాయన గొంతు తగ్గించి. "రేపు పెందలాడే వచ్చెయ్యి. వీడి బీరువాకి ఇంకా సగం పూతలు పడలేదు. నువ్వు కాక ఎవరేస్తారు?"