ఇరవై ఏడు డి వారి భోజనం

నేను ఒక పొయ్యిని. పొయ్యి అనగానే మట్టిదో గ్యాసుదో అనుకుని పెదవి విరిచేయకండి. నేను విమానంలో పొయ్యిని. మంట లేదు, పొగ లేదు. స్టీలు ఒళ్ళు, లోపల వేడిగాలి, ముందొక తలుపు, దానికో గొళ్ళెం, అంతే నా సంసారం. ఆకాశంలో కూర్చుని ఏళ్ళ తరబడి లక్షలమందికి తిండి వెచ్చబెట్టాను. ఇప్పుడు శంషాబాదు దగ్గర ఒక తుక్కు షెడ్డులో, చిరిగిన సీట్ల మధ్య, తలుపు ఊడి కూర్చున్నాను. పక్కనే ఒక ముసలి కాఫీ యంత్రం ఉంది. అది పొద్దస్తమానం తను ఏ మంత్రికి కాఫీ పోసిందో చెప్పి నా చెవులు తినేస్తుంది. మంత్రి కాఫీ తాగితే ఏమిటట, అందరూ తాగుతారు. దాని నోరు మూయించడానికి నేను చెప్పే సంగతి ఒక్కటే ఉంది, అది మీరూ వినండి.

నేను పుట్టింది బాగా చలి వేసే దేశంలో. నన్ను బిగించిన మేస్త్రీ నేను సరిగ్గా పనిచేస్తున్నానో లేదో చూడటానికి మొట్టమొదట నాలో పెట్టినవి తన తడిసిన మేజోళ్ళు. శుభమా అని మొదలైన బతుకు! అక్కణ్ణుంచి ఒక గల్ఫ్ విమానంలోకి వెళ్ళాను. కొన్నేళ్ళు మాంసం పులావు వాసనలో రాజాలా బతికాను. తర్వాత ఆ విమానాన్ని మన వాళ్ళు కొన్నారు. నాకు రంగు వేశారు, తుడిచారు, మర్నాటి నుంచే సాంబారు మొదలు. మొదట్లో కాస్త బెంగపడ్డాను గానీ, అలవాటయ్యాక పోపు వాసన లేకపోతే నాకే తోచేది కాదు.

మనుషుల గురించి నాకు తెలిసినంత వాళ్ళ కన్నతల్లులకి కూడా తెలియదనుకుంటాను. ఒకాయన డాక్టరు చెప్పాడని ఉప్పు లేని భోజనం కావాలని ముందుగా రాయించుకుని, అది ముందుకు రాగానే సంచిలోంచి ఆవకాయ సీసా తీశాడు. ఒకావిడ వాళ్ళాయనకి వంకాయ ఎలర్జీ అని రాయించింది. పాపం ఆయన మా గ్యాలీలోకి, అంటే విమానంలో వంటిల్లులాంటి సందులోకి వచ్చి, ఎలర్జీ గిలర్జీ ఏం లేదమ్మా, ఇంట్లో వండమంటానని అలా చెప్పింది, ఓ రెండు ముక్కలు పెట్టు తల్లీ అని బతిమాలుకున్నాడు. నిజమైన ఎలర్జీ మాట వేరు. పడని గింజ ఒక్కటి నోట్లోకి వెళితే గొంతు వాచి, ఊపిరి ఆడక మనిషి మన కళ్ళముందే పోవచ్చు. ఆస్పత్రి చూస్తే కింద ఎక్కడో సముద్రం అవతల. అందుకే అలాంటి భోజనం వచ్చిన రోజు నాలాంటి ఇనుప గుండెకి కూడా దడే.

ఇక కోషర్ పెట్టె సంగతి. యూదుల ఆచారం ప్రకారం వండి, వండినచోటే సీలు వేసి పంపే భోజనం అది. లోపలి తిండిని మాలాంటివాళ్ళు ముట్టుకోకూడదు. నాలో మాంసాలూ చేపలూ అన్నీ వెచ్చబడతాయి గదా, అందుకని దానికి ఒకటి కాదు, రెండు పొరల రేకు చుట్టి, పొర పొరకీ సీలు వేసి పంపిస్తారు. వేడి చేసేముందు ఆ సీళ్ళు చెక్కుచెదరలేదని ప్రయాణికుడికి చూపించి, సరే అనిపించుకోవాలి. తినే మనిషే విప్పుకోవాలి. మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు, మడి అంటే ఎరగని వాళ్ళెవరు? కానీ నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఇంతమందికి అన్నం పెట్టినదాన్ని, నా గాలి సోకితే మైలపడిపోతారా అని లోలోపల కుతకుతలాడేదాన్ని.

ఆరోజు హైదరాబాదు నుంచి లండన్ ప్రయాణం. గ్యాలీకి పెద్ద సౌదామిని అనే ఎయిర్‌హోస్టెస్, తెనాలి పిల్ల. పనిమంతురాలు, నవ్వుముఖం, ఎవరినీ కసురుకోదు. ఒకటే జబ్బు. మనిషి ముఖం చూసి వాళ్ళేం తింటారో చెప్పేస్తానంటుంది. చాలాసార్లు నిజమయ్యేది కూడా, దాంతో ఆ జబ్బు ముదిరింది.

ప్రత్యేక భోజనాలు ఆరోజు రెండే. ఇరవై ఏడు సి సీటుకి నువ్వులు పడవు, నువ్వులు తగలని భోజనం. ఇరవై ఏడు డి సీటుకి కోషర్. నడవాకి అటు ఒకరు, ఇటు ఒకరు, సరిగ్గా నా ఎదురుగానే. సి సీట్లో డెస్మండ్ హీలీ అనే ఐర్లండు ప్రొఫెసరు. నల్లమల అడవిలో కప్పల అరుపులు రికార్డు చేసుకుని తిరిగి వెళుతున్నాడు. అడవిలో గీసుకునే తీరిక లేక గడ్డం బొడ్డుదాకా పెరిగింది, ఎండకని కొనుక్కున్న నల్లటోపీ నెత్తిమీదే ఉంది. డి సీట్లో అరవై దాటిన ఒక పెద్దావిడ, మంగళగిరి చీర, నుదుట బొట్టు లేదు, కొంగు మొహమ్మీద కప్పుకుని నిద్రపోతోంది. ఆవిడ పేరు లేయమ్మ. గుంటూరు దగ్గర పల్లెలో నర్సుగా చేసి రిటైరయింది.

సౌదామిని పెట్టె మీది సీటు నంబరు చూసింది. సినిమాల్లో యూదులకుండే ఆ గడ్డం చూసింది, నల్లటోపీ చూసింది. ఇటు మంగళగిరి చీర చూసింది. కింద భోజనాలు కట్టేవాళ్ళు నంబర్లు తారుమారు చేసి చచ్చారని నిట్టూర్చి, తప్పు తనే దిద్దేసింది. పెట్టె తీసుకెళ్ళి ప్రొఫెసరు గారికి సీళ్ళు చూపించింది. ఆయన ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు. నువ్వుల గాలి సోకకుండా ఇన్ని జాగ్రత్తలా అని ముచ్చటపడిపోయి, బొటనవేలు పైకెత్తాడు. సౌదామినికీ అదే కావాలి, ఆయనకీ అదే కావాలి, ఇద్దరూ చక్కగా నవ్వుకున్నారు. నేను గొళ్ళెం పడక కాసేపు మొరాయించాను. ఆ పిల్ల ఒక్క గుద్దు గుద్దితే పడింది. నాకు నోరు లేకపోయె, ఏం చెప్పను?

వెచ్చబడ్డాక పెట్టె ప్రొఫెసరు ముందుకి వెళ్ళింది. నువ్వులు తగలని పళ్ళెం లేయమ్మ గారి ముందుకి వచ్చింది. ఆవిడ అప్పటికే లేచి, భోజనం వాసన రాగానే షుగరు బిళ్ళ వేసేసుకుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పళ్ళెం చూసి, ఇది నాది కాదమ్మా, నాది సీలేసిన పెట్టె అంది.

సౌదామిని ఇది శాకాహారమేనంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం ఉందంది. అడ్డంగా ఊపింది. పోనీ పండ్లు తెమ్మంటారా అంటే, కోసినవైతే వద్దు, ఏ కత్తితో కోశారో అంది. మా దగ్గర ఉన్నవన్నీ కోసినవే. అప్పుడు సౌదామిని గొంతు తగ్గించి, అనుమానంగా అడిగింది.

"ఆంటీ, మీకు టికెట్టు తీసినవాళ్ళు పొరపాటున కోషర్ అని పెట్టారేమో. అది యూదులు తినేదండీ."

"నేను యూదురాల్నే గదమ్మా. మాది గుంటూరు దగ్గరే."

"మా గుంటూరు జిల్లాలోనా? నిజంగానా అండీ?"

లేయమ్మ గారి మొహం ఒక్కసారిగా వాడిపోయింది. కోపం కాదు అది, అలసట. బళ్ళో అడిగారు, ఉద్యోగంలో అడిగారు, వీసా ఇచ్చేచోట అడిగారు. గుంటూరు వైపు ఉన్న తమ కొద్దిపాటి యూదు కుటుంబాల గురించి చెప్పమని లండన్‌లో ఎవరో సభకి పిలిస్తే వెళుతోంది, అక్కడా అడుగుతారు. ఆఖరికి ఆకలేసి అన్నం అడిగినా అదే ప్రశ్న. నాకు తెలియకుండానే నా లోపలి గాలి ఆగిపోయింది. పెట్టె మీద నేను పెంచుకున్న ఉక్రోషం ఎంత చిన్నదో అప్పుడు తెలిసి సిగ్గేసింది.

"మేమున్నట్టు మీకు తెలవకపోతే మేం లేనట్టేనా తల్లీ?" అంది ఆవిడ నెమ్మదిగా. తర్వాత నడవా అవతలి సీటు వైపు చూసి కళ్ళజోడు సర్దుకుంది. "అదుగో, ఆ గడ్డం ఆయన దగ్గరుందే, అదీ నా పెట్టె. పోయినసారీ అదే పెట్టారు. వంకాయ, నువ్వుల ముద్ద."

నువ్వుల ముద్ద అన్న మాట వినగానే సౌదామిని పళ్ళెం అక్కడే పెట్టేసి వెనక్కి తిరిగింది. నడవాలో తోపుడుబండి అడ్డంగా ఉంది. ఆ పిల్ల దాన్ని పక్కకి తోయలేక, దాటలేక, బండి మీదుగానే వంగి, తినొద్దు, తినొద్దు అంటూ చెయ్యి చాచింది.

ప్రొఫెసరు గారు తింటేగా! పాపం ఆయన అప్పటినుంచీ ఆ పెట్టెతో కుస్తీ పడుతున్నాడు. ప్లాస్టిక్ చాకు విరిగింది. ఫోర్కు వంగింది. పైపొర ఎలాగో చీల్చాడు, చూస్తే లోపల ఇంకో పొర, దానికింకో సీలు. ఈ విమానంలో ఎలర్జీల్ని ఎంత తీవ్రంగా పట్టించుకుంటారంటే మనిషిని తిననివ్వరు కూడా అని పక్కాయనతో అంటున్నాడు. సౌదామిని పెట్టె లాక్కుంది. సంగతి తెలిశాక ఆయన ఎర్రటి మొహం సున్నం కొట్టినట్టయింది. నేను ఇన్నేళ్ళూ తిట్టుకున్న ఆ రెండో పొర కాస్తా అడ్డు లేకపోతే, ఆరోజు నా చేతులమీదుగా ఒక మనిషి పోయుండేవాడు. ఇక ఆ పొరని ఏ మొహం పెట్టుకుని తిడతాను?

అందరూ గ్యాలీలోకి చేరారు. ప్రొఫెసరు గారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పళ్ళెం ఆయనకి దొరికింది గానీ, ఆవిడ సంగతి తేలేదాకా ముట్టనన్నాడు. లేయమ్మ గారు మాత్రం నిబ్బరంగా రెండు చక్కెర పొట్లాలు చింపి నోట్లో పోసుకుని, ఇది కాసేపు కాస్తుందిలే అంది. నర్సు కదా. కానీ షుగరు పడిపోయి వేళ్ళు వణుకుతున్నాయి. కోషర్ పెట్టె ఆ విమానంలో అదొక్కటే. అది పనికిరాదని ఆవిడ అంటే లండన్ దాకా చక్కెర పొట్లాలే గతి. సౌదామినికి ఏడుపొకటే తక్కువ.

లేయమ్మ గారు పెట్టె తీసుకుని దీపం కిందికి వచ్చింది. అంచులన్నీ వేలితో తడిమింది. సీలు మీది అక్షరాలు చదివింది. ఒక మూల కొద్దిగా నలిగి ఉంటే అక్కడ ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. మేమంతా ఊపిరి బిగబట్టాం. నాకు ఊపిరే లేదనుకోండి, అయినా బిగబట్టాను.

"లోపలిది నిలిచింది," అంది చివరికి. "పైది మీలాంటోళ్ళ కోసం, లోపలిది మా కోసం కట్టారనుకుంటా."

ఆ మాటకి ముందుగా నవ్వింది సౌదామినే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పెట్టె చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేయాలంటే పైపొర కావాలి. కొత్త రేకు తీసి, లేయమ్మ గారు చెప్పినట్టల్లా మడతలు వేసి, గాలి చొరకుండా చుట్టింది. చుట్టాక ఊరుకోలేదు. ఆవిడ వెళ్ళి కూర్చున్నాక పెట్టెని రెండు చేతులా పట్టుకుని, సీటు దగ్గరికి వెళ్ళి, పద్ధతి ప్రకారం మొదటినుంచీ మొదలుపెట్టింది.

"మీ పెట్టె అండీ. ఒకసారి చూసుకోండి. వేడి చేయమంటారా?"

లేయమ్మ గారు ఆ పిల్ల మొహంలోకి చూసింది. "ఈసారి ఏమీ అడగలేదేమ్మా?"

"అడిగేదేముందండీ, మీదే కదా."

ఆవిడ తల ఊపింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, వేడికి పెట్టమన్నట్టు చెయ్యి ఊపింది. ఆ పెట్టెని నేను వెచ్చబెట్టినట్టు నా బతుకులో దేన్నీ వెచ్చబెట్టలేదు. ఈసారి గొళ్ళెం కూడా ఒక్కసారికే పడింది.

ఆవిడ తన చేత్తోనే రెండు పొరలూ విప్పుకుంది. నడవా అవతల ప్రొఫెసరు గారు కూడా అప్పుడే తన మొదటి ముద్ద తీసుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక లేయమ్మ గారు ఆగిపోయింది. మొహం అదోలా పెట్టింది. సౌదామిని మళ్ళీ, ఏమైందండీ, ఏదైనా తేడా వచ్చిందా అంటూ పరుగెత్తింది. ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో చెప్పినట్టు చెప్పింది గానీ, నాకు వినపడింది.

"ఉప్పూ లేదు, కారమూ లేదు తల్లీ. ఒక్క పచ్చిమిరపకాయ దొరికిద్దా? కొయ్యనిదైతే తినొచ్చు."

సౌదామిని పరుగున వచ్చి తన సంచి తెరిచింది. పెరుగన్నంలోకని ఇంటినుంచి తెచ్చుకున్న పచ్చిమిరపకాయలు వేరే కవరులో ఉన్నాయి. లేయమ్మ గారు ఒకటి తీసుకుని, సీసా నీళ్ళతో కడిగి, పురుగు ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూసి, కసుక్కున కొరికింది. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారాయి.

"హమ్మయ్య, ఇప్పుడు తిన్నట్టుంది," అంది.