దిగని చెయ్యి

పొద్దున ఆరున్నరకు మహేశ్వరి తార్నాక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చి, కింది ఫ్లాట్ తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లేది. యోహాను అప్పటికే చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో కూర్చుని ఉండేవాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి నాలుగేళ్లయింది. షుగరు ఉంది, సూదంటే భయం. మహేశ్వరి తార్నాకలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇన్సులిన్ వేసి, "టిఫిన్ తిను తాతా, చాయ్ తాగి ఊకుంటే కాదు" అని చెప్పి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర రజిని స్కూటీ స్టార్ట్ చేసి ఉంచేది. రజిని యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. మహేశ్వరిని ఆసుపత్రి దగ్గర దింపి క్యాంపస్‌కు వెళ్లేది.

ఇద్దరూ ఆ మూడో అంతస్తు ఇంట్లో మూడేళ్లుగా కిరాయికి ఉంటున్నారు. మొదట్లో అందరూ అక్కచెల్లెళ్లనుకున్నారు. కిందటి ఎండాకాలం ఒక స్నేహితురాలి ఇంట్లో ఇద్దరూ దండలు మార్చుకున్నారు. ఆ ఫొటో ఎవరి ఫోన్ నుంచో అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది. ఆ రెండోరోజే అసోసియేషన్ సెక్రటరీ పరశురాం సెల్లార్‌లో మీటింగ్ పెట్టాడు.

"ఇక నుంచి చట్టం ఒప్పుకున్న కుటుంబాలకే ఇండ్లు కిరాయికియ్యాలె. ఉన్నోళ్లకు కూడా ఇదే రూలు. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి" అన్నాడు.

యోహాను ఎత్తలేదు. పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు పరశురాం. "అందరు ఎత్తిండ్రు యోహానన్నా. నువ్వొక్కనివి ఎందుకు చెడ్డయితవ్" అన్నాడు నెమ్మదిగా. యోహాను చుట్టూ చూశాడు. రోజూ పలకరించే మొహాలన్నీ తనవైపే ఉన్నాయి. కుడిచెయ్యి ఎత్తాడు.

పందొమ్మిది ఇండ్లలో పద్నాలుగు చేతులు లేచాయి. లెక్కపెట్టాక పదమూడు దిగాయి. యోహానుది దిగలేదు.

ఆ రోజు నుంచి అతని చెయ్యి తలకు పైన నిటారుగా అలాగే ఉండిపోయింది. డాక్టరు భుజం నొప్పికి గోళీలు రాసిచ్చాడు. లాలాగూడ టైలరు చొక్కాలకు పక్కన గుండీలు పెట్టి కుట్టాడు. రోడ్డు మీద నడుస్తుంటే బస్సులు ఆగేవి, "ఎక్కవా?" అని అడిగి డ్రైవర్లు పోయేవారు. ఆదివారం చర్చిలో వెనక బెంచీ ఇచ్చారు, ముందు కూర్చుంటే వెనకవాళ్లకు కనపడదని. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

మీటింగ్ మరునాడు పొద్దున మహేశ్వరి వస్తుందని యోహాను అనుకోలేదు. ఆరున్నరకే వచ్చింది. మడవాల్సిన పని లేకుండా చొక్కా చెయ్యి దానంతటదే జారి ఉంది. సూది వేసింది.

"నేను గూడ ఎత్తిన బిడ్డా" అన్నాడు.

"కనపడుతనే ఉంది తాతా" అంది ఆమె. దూదితో అద్ది, "టిఫిన్ తిను" అని వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చాక రజిని కోర్టుకు వెళ్లింది. పరశురాం మెట్ల మీద ఆమెను ఆపి అడిగాడు.

"పద్నాలుగు ఇండ్లోళ్ల మాట ఒక్క జడ్జి ఎట్ల కొట్టేస్తడమ్మా? గట్లయితే మేం ఓటెయ్యుడెందుకు?"

"లిఫ్టుకు వెయ్యండి, నీళ్ల ట్యాంకుకు వెయ్యండి అంకుల్" అంది రజిని. "నేను ఎవరితోని బతకాల్నో అది ఓటుకు పెట్టే ముచ్చటనా? మీ పెండ్లికి ఎవరు ఓటేసిండ్రు?"

పరశురాం నిజంగానే ఆలోచించాడు. "మాది అందరికి తెల్సిన పెండ్లి గదా" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

కోర్టుకు యోహాను కూడా వెళ్లాడు. ఎవరూ పిలవలేదు, తనే వెళ్లి వెనక నిలబడ్డాడు. లేచి ఉన్న చెయ్యి చూసి జడ్జిగారు, "మీరేమైనా చెప్పాలా?" అని అడిగారు.

"చెప్పాలె సార్. ఆనాడు నేను ఎత్తింది భయానికి. నాకు ఆ పిల్లల మీద ఏం లేదు."

జడ్జిగారు రాసుకున్నారు. ఆయన కఠినమైన మనిషేమీ కాదు. ఇలాంటి పెళ్లిళ్ల సంగతి సుప్రీంకోర్టే పార్లమెంటుకు వదిలేసిందని, అసోసియేషన్ రూళ్లు చేసుకోవచ్చని, అయితే ఓటుకు ముందు ఏడు రోజులు నోటీసు ఇవ్వలేదు కాబట్టి ఆ తీర్మానం చెల్లదని, మళ్లీ ఓటు పెట్టుకోవాలని చెప్పారు.

బయట చెట్టు కింద రజిని కాగితాలు సంచిలో పెట్టుకుంది. "ఓటు తప్పు అని అడగనీకి వస్తే, మళ్ల ఓటెయ్యమన్నరు" అంది.

అయినా నోటీసు ఇచ్చిన ఆ ఏడు రోజులూ రజిని, మహేశ్వరి ఇద్దరూ తిరిగారు. ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టారు. కొందరు తియ్యలేదు. కొందరు తీసి నీళ్లిచ్చారు. రెండో అంతస్తు వెంకటరమణమ్మ, పోయినేడు తన మనవడికి ఫిట్స్ వచ్చినప్పుడు మహేశ్వరి చెప్పుల్లేకుండా ఉరికొచ్చిన సంగతి తనే గుర్తు చేసుకుని, "ఈసారి ఎత్తనమ్మా" అంది. అలా ఐదుగురు మారారు. పద్నాలుగులో ఐదు పోతే తొమ్మిది. ఆ ఐదుగురిలో యోహాను ఒకడు.

ఆదివారం పదకొండింటికి సెల్లార్‌లో కుర్చీలు వేశారు. ఇద్దరూ స్తంభం పక్కన నిలబడ్డారు. కిరాయివాళ్లకు ఓటు లేదు.

"ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

పరశురాం వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి. వేలు యోహాను దగ్గర ఆగింది. "పది."

"నేను ఒప్పుకోను పరశురాం. నాది కలపకు."

"దించన్నా. దించితే కలపను."

"దిగదని నీకెర్కలేదా? కాయితం మీద రాసిస్త."

"రూల్‌ల చేతులే ఉన్నయన్నా. కాయితం లేదు. రేపు మళ్ల కోర్టుకు పోయి, రూలు ప్రకారం చెయ్యలేదంటరు."

యోహాను ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని లాగాడు. రాలేదు. లేచి నిలబడి, శరీరమంతా బరువు వేసి వేలాడినట్టు లాగాడు. కుర్చీ పడిపోయింది. ఎవరూ కదలలేదు. వెంకటరమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మహేశ్వరి వచ్చి అతని ఎడమచెయ్యి విడిపించింది.

"వద్దు తాతా. ఎముక ఇరుగుతది."

పరశురాం పుస్తకంలో పది అని రాసి సంతకం పెట్టాడు. పందొమ్మిదింట పది. కలం మూత పెట్టగానే యోహాను చెయ్యి దానంతటదే కిందికి వచ్చి, ఒళ్లో పడింది.

"దిగింది. సూడు, దిగింది" అన్నాడు యోహాను. "మళ్ల లెక్కపెట్టు."

"అయిపాయె గదన్నా" అన్నాడు పరశురాం. అతని గొంతులో కోపం లేదు. కుర్చీలు ఎత్తించే పనిలో పడ్డాడు.

నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశారు. అడిక్‌మెట్‌లో, నల్లకుంటలో పదిహేను ఇండ్లు చూశారు, ఎవరూ ఇవ్వలేదు. ముందే ఫొటో చూసినవాళ్లు కొందరు, "ఇద్దరు ఏమైతరు?" అని అడిగి ఆగిపోయినవాళ్లు కొందరు. అబద్ధం చెప్పి చేరదామంది మహేశ్వరి. రజిని ఒప్పుకోలేదు. దాని మీద ఇద్దరికీ మొదటిసారి పెద్ద గొడవ అయింది. చివరికి రజిని క్యాంపస్ హాస్టల్‌కు, మహేశ్వరి నల్లకుంటలో ఒక లేడీస్ హాస్టల్‌కు వెళ్లారు. మంచం, బీరువా అమ్మేశారు.

ఆదివారాలు సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చికలో కలుసుకునేవారు. కబురు తెలిసి ఒక వారం యోహాను కూడా వచ్చాడు. ఎక్కువ మాట్లాడుకోలేదు. రజిని ఈమధ్య చదవడం లేదని, మహేశ్వరి నైట్ డ్యూటీలు అడిగి వేయించుకుంటోందని మాత్రం అతనికి తెలిసింది.

చీకటి పడబోతుండగా సెక్యూరిటీ గార్డు వచ్చి ఆడపిల్లల వైపు చూశాడు. "ఎవరు మీరు? ఇద్దరు ఏమైతరు?"

"ఒక ఇంటోళ్లం" అంది రజిని.

"ఇల్లు ఎక్కడ?"

మహేశ్వరి గడ్డి దులుపుకుని లేచింది.

"తార్నాకల ఉండె" అన్నాడు యోహాను. "మేమే ఓటేసి తీసేసినం."

గార్డు ముగ్గుర్నీ ఒకసారి చూసి, గేటు మూసే టైమైందని చెప్పి ముందుకు నడిచాడు.