కౌంటరు కింద చాప

మా దీవుల రాజధాని నుకుఅలోఫాలో నడుముకి చాప చుట్టుకోకుండా గవర్నమెంటు ఆఫీసుకి వెళ్తే గుమస్తాలు ఎగాదిగా చూస్తారు. చాప చుట్టుకుని మా ఫోను కంపెనీకి వస్తే మేనేజరు ఎగాదిగా చూస్తాడు. రెండూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. పరువుకీ పనికీ మధ్య దూరం మా ఊళ్ళో ఆ వీధి వెడల్పంత.

నేను ఆ ఫోను కంపెనీ కౌంటర్లో పద్నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాను. పేరు సేమిసి. వయసు యాభై రెండు, నడుము కొలతా ఇంచుమించు అంతే. నోటికి మాత్రం ఇంతవరకూ ఎవరూ టేపు పెట్టి చూడలేదు.

మొదట్లో మాకు తెల్ల చొక్కా ఉండేది. దాని మీద ఎవరికి వాళ్ళం సన్నటి నేత చాప చుట్టుకుని వచ్చేవాళ్ళం, ఎవరూ ఏమనేవారు కాదు. ఓ ఏడాది వరసగా మూడు ఇళ్ళలో చావులొచ్చి కౌంటర్లో ముగ్గురం నల్లబట్టల్లో, చిరుగు చాపల్లో కూర్చున్నాం. ఎవరో ఫొటో తీస్తే, అది ఎలా వెళ్ళిందో ఆక్లండులోని హెడ్డాఫీసుకి వెళ్ళింది. ఇది ఫోను షాపా, శవపేటికల షాపా అని అక్కడెవరో అడిగారట. మార్చి నెలలో డ్రెస్ కోడు దిగింది. వాళ్ళది కోడు, మనది గోడు.

కోడు ఏమిటంటే పసుపు చొక్కా. పసుపంటే మామూలు పసుపు కాదు, సముద్రంలో పడవ మునిగితే వెతకడానికి వచ్చేవాళ్ళకి దూరం నుంచి కనబడే పసుపు. రొమ్ము మీద "కలుపుతాం, నవ్వుతూ" అని అక్షరాలు. కింద నల్ల ప్యాంటో, పావడానో. నడుము మీద 'అదనపు వస్త్రం' ఏదీ ఉండకూడదు. చాపని అదనపు వస్త్రం అన్నవాణ్ణి నేను ఒక్కసారి కలవాలి. కలుపుతాం అంటున్నారు కదా, ముందు వాణ్ణి కలపమనండి.

ఇలాంటి జోకులు వేస్తూ మార్చి, ఏప్రిల్, మే గడిపేశాను. జూన్‌లో మా అకనేసి అత్త పోయింది.

అకనేసి అత్త మా నాన్నకి అక్క. అంటే మా నాన్న కూడా ఆవిడ ముందు నేల మీదే కూర్చునేవాడు. మా ఇంట్లో పిల్లలకి పేర్లు పెట్టేది ఆవిడే. నాకు ఏడో ఏట అమ్మ పోతే, గబ్బిలాల చెట్లున్న కొలొవాయి ఊరికి నన్ను తీసుకెళ్ళి పెంచింది కూడా ఆవిడే. పోయినవాళ్ళు మనకన్నా ఎంత ఎత్తువాళ్ళైతే మనం కట్టుకునే చాప అంత పెద్దదై ఉండాలి, అంత చిరిగి ఉండాలి. కాబట్టి నాకు వచ్చింది చంకల దాకా వచ్చే చాప. అంచులన్నీ పీచు పీచు. అత్త చేత్తో ఎప్పుడో నేసిందే, ఆవిడ ఇంట్లోనే పాతబడింది.

అలాంటి చాప కట్టుకున్నవాడికి చావింట్లో చోటు ముందుగదిలో కాదు, పెరట్లో. మూడు రోజులూ మట్టిపొయ్యి దగ్గర పందులు కాలుస్తూ, పెండలం తవ్వి తీస్తూ ఉన్నాను. లోపల పాటలు వినిపించాయి. అత్త మొహం చూడలేదు. చూడకూడదు, అది నా వరస. వంద రోజులు ఆ చాప మోయడమే నేను ఆవిణ్ణి చూడటం.

నాలుగో రోజు ఆ చాపతోనే ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరు డంకన్ నన్ను తన గదిలోకి పిలిచాడు. మంచివాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతికేవాణ్ణి.

"ఎన్నాళ్ళు సేమిసీ ఇది?"

"వంద రోజులు సార్."

"మూడు రోజులు సెలవు వాడుకున్నారుగా?"

"అది నా మామూలు సెలవు సార్. చావు సెలవు ఇవ్వలేదు."

అతను కంప్యూటర్లో చూశాడు. చాలాసేపు చూశాడు. "దగ్గరి బంధువుల పట్టికలో మేనత్త లేదు," అన్నాడు మెల్లగా, తనే తీసేసినట్టు.

"పట్టికలో లేకపోతే మరి పెంచిందెవరంటారు సార్?"

"చేతికి నల్ల రిబ్బను కట్టుకోండి. దానికి నేను ఒప్పిస్తాను."

"రిబ్బను కట్టుకుంటే ఆవిడ నా చేతికి మాత్రమే మేనత్త అవుతుంది సార్."

అతను నవ్వలేదు. "ఇంతకు ముందు రెండు హెచ్చరికలున్నాయి మీ ఫైల్లో. ఒకటి గట్టిగా మాట్లాడతారని, ఒకటి కస్టమర్లతో జోకులని. మూడోది రాస్తే నా చేతిలో ఉండదు. మీకు ఇక్కడ ఇంకో కంపెనీ ఎక్కడుంది చెప్పండి."

నిజమే, లేదు. ఒకపక్క మేనేజరు, ఒకపక్క మేనత్త. నా మేను మధ్యలో.

అప్పుడు డంకనే ఒక దారి చూపించాడు. గోడ మీద కెమెరాకి కౌంటరు పైభాగమే కనబడుతుంది. "పైన చొక్కా ఉండాలి. కింద మీరేం కట్టుకున్నారో నేను చూడను," అన్నాడు. ఆ క్షణాన నాకు అది గొప్ప తెలివి అనిపించింది. కృతజ్ఞత కూడా చెప్పాను. ఎలుక బోనులో జున్నుముక్క చూసి కృతజ్ఞత చెప్పినట్టు.

మర్నాటి నుంచీ ఇదీ వరస. తెల్లారి చాప కట్టుకుని బస్సెక్కుతాను. బస్సులో వాళ్ళు చాప చూసి మాట తగ్గించి చోటిస్తారు. ఎనిమిదింటికి అందరికన్నా ముందు వచ్చి, సిమ్ముల పెట్టెల గదిలో పైసగం మడిచి నడుము దాకా దించి, దాని మీద కొబ్బరితాడు బిగించి, పైన పసుపు చొక్కా తొడుక్కుంటాను. తర్వాత నా కుర్చీలోకి దిగుతాను. దిగుతాను అనే అనాలి. నేల మీద కూర్చునేవాళ్ళ కోసం నేసిన చాప అది, చేతుల కుర్చీ గురించి దానికి తెలీదు. మడత డొక్కలో గుచ్చుకునేది. రెండు చేతుల మధ్యా ఇరుక్కుపోయి, సీసాకి బిరడా పెట్టినట్టు కూర్చునేవాణ్ణి. ఇక జనం వెళ్ళిపోయేదాకా లేవడానికి లేదు. లేస్తే కెమెరాకి చాప కనబడుతుంది, జనానికి చాప మీద పసుపు కనబడుతుంది. రెండింటిలో రెండోదానికే నాకు ఎక్కువ భయం.

నీళ్ళు తాగడం మానేశాను. చాప కింద నీరు అంటారే, నా విషయంలో అది సామెతగా మిగలదేమోనని.

పక్క కౌంటర్లో లవీనియా అని అమ్మాయి. మధ్యాహ్నం చేమాకులో చుట్టిన మాంసం ముక్క కౌంటరు కిందనించి అందించేది.

"అన్నా, జైల్లో మా చిన్నాన్నకి కూడా ఇలాగే ఇచ్చేదాన్ని."

"మీ చిన్నాన్న ఎప్పుడు బయటికొచ్చాడు?"

"ఆయన ఏడు నెలలకి వచ్చేశాడు. నీకే ఎక్కువ పడేట్టుంది."

నేను నవ్వాను. నవ్వితే తాడు కోసుకుంది.

పెద్దవాళ్ళ కళ్ళు మాత్రం కెమెరా కళ్ళు కావు. ఓ ముసలావిడ కాగితం అందుకోడానికి వంగి, కౌంటరు అంచు మీంచి కిందకి చూసింది. "ఎవరు నాయనా?" అంది గొంతు తగ్గించి. "మేనత్త" అన్నాను. "అయ్యో" అంటూ తలెత్తింది. ఆ చూపు నా రొమ్ము మీద అక్షరాల దగ్గర ఆగింది. కలుపుతాం, నవ్వుతూ. కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. తిడితే బావుండేది.

చావు జరిగి ఇరవై మూడో రోజు, మంగళవారం. టోకెన్ల వరసలో తలుపు పక్కన కలొలైని అక్క నిలబడి ఉంది.

కలొలైని అక్క అత్త కూతురు. మా దగ్గర మేనత్త కూతురంటే అక్కే, ఇంకే వరసా లేదు. వేళాకోళం ఆడటానికి లేదు, ఎదురు చెప్పడానికి లేదు, తలెత్తి మొహంలోకి చూడటానికి లేదు. ఊరంతా నా నోటికి భయపడితే నా నోరు ఆవిడకి భయపడుతుంది. ఆవిడ నిలబడి ఉన్నచోట నేను కుర్చీలో కూర్చోడమే తప్పు.

"లవీనియా, ఆవిణ్ణి నీ దగ్గరికి పిలువు," అన్నాను పెదాలు కదపకుండా.

"పిలిచానన్నా. నీ దగ్గరికే వస్తానంది."

లేవబోయాను. కుర్చీ కూడా నాతో లేచింది. చాపకీ కుర్చీకీ మధ్య నేను వేలాడి, మళ్ళీ కూర్చున్నాను. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నలభై ఒకటో నంబరు వెలిగింది. నా కళ్ళ ముందు కౌంటరు మీద అక్క రెండు చేతులూ, వాటి మధ్య అత్త పాత ఫోనూ కనిపించాయి.

"అమ్మ నంబరు తీసేయించాలి," అంది. "మోగుతూనే ఉంది తమ్ముడూ. పాపం తెలియనివాళ్ళు చేస్తున్నారు. ఎత్తి చెప్పే ఓపిక లేదు నాకు."

నంబరు అడగనక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ నంబరు ఇచ్చింది నేనే. ప్రతి సోమవారం అత్త ఆ ఫోను నుంచే నాకు ఫోను చేసి, "నా ఫోను పనిచేస్తోందా నాయనా?" అని అడిగేది. "చెయ్యకపోతే నా మాట నీకెలా వినిపిస్తోంది అత్తా?" అంటే, "నీ మాట ఫోను లేకపోయినా వినిపిస్తుందిలే," అనేది.

కంప్యూటరు కారణం అడిగింది. మూడే కారణాలు ఇచ్చింది: సేవ నచ్చలేదు, దేశం వదిలి వెళ్తున్నారు, ఇతరం. ఇతరం నొక్కాను. చివర్లో కస్టమరుకి చదివి వినిపించాల్సిన వాక్యం ఒకటి వస్తుంది, మళ్ళీ కలుద్దాం అని. చదవలేదు. కెమెరాకి చెవులు లేవు.

"అయిపోయింది అక్కా."

ఆవిడ చేతులు కౌంటరు మీంచి కదల్లేదు.

"లే, తమ్ముడూ."

"అక్కా, ఇక్కడ..."

"లేవమన్నాను."

లవీనియా వచ్చి కుర్చీ వెనక్కి పట్టుకుంది. లేచాను. షాపులో ఇరవైమంది ఉంటారు. రొమ్ము మీద నవ్వు, దాని కింద అత్త చాప, సగానికి మడిచి. ఇందాక కిసుక్కుమన్నవాళ్ళు తమ టోకెన్ల వైపు చూసుకుంటున్నారు.

"మూడు రోజులు పొయ్యి దగ్గర నించి కదల్లేదని చెప్పారు నీ గురించి," అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు చెయ్యాల్సింది చేశావు. తీసేయ్ దాన్ని."

"ఇరవై మూడే అయ్యాయక్కా. వంద కావాలి."

"నేను చెప్తున్నాగా. తీసేయ్."

మేనేజరుతో వాదించాను. హెడ్డాఫీసుతోనైనా వాదించేవాణ్ణేమో. ఆవిడ తీయమన్నాక ఉంచుకుంటే అది ధిక్కారం. తీస్తే అత్తకి నేను ఇవ్వాల్సిన డెబ్బై ఏడు రోజులు ఇవ్వనట్టు. చొక్కా చూసి అసహ్యపడి అందో, నా అవస్థ చూసి జాలిపడి అందో మొహం చూస్తే తెలిసేది. చూడటానికి లేదు.

కొబ్బరితాడు ముడి చెమటకి బిగుసుకుపోయింది. లవీనియా గోళ్ళతో విప్పింది. ప్యాంటు మీంచి చాప విప్పి, రెండు చేతులా కౌంటరు మీదుగా అందించాను. అక్క దాన్ని నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పీచులు విరక్కుండా నెమ్మదిగా చుట్టింది. పని ముగించుకుపోయినవాణ్ణి చాప చుట్టేశాడు అంటారు. నా చాప నేను చుట్టలేదు.

అక్క దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. జనం దారిచ్చారు.

గాజు గదిలోంచి అంతా చూస్తున్న డంకన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చేతిలో చల్లటి నీళ్ళసీసా ఉంది.

"మీ వాళ్ళే అర్థం చేసుకున్నారు సేమిసీ. నాకు చాలా సంతోషంగా ఉంది," అన్నాడు. "ఇంక మీ ఇష్టం. లేవండి, తిరగండి, నీళ్ళు తాగండి."

"థాంక్యూ సార్."

సీసా కౌంటరు మీద పెట్టి వెళ్ళాడు. నేను కూర్చున్నాను. కుర్చీ వదులుగా ఉంది, అటొక జానెడు ఇటొక జానెడు ఖాళీ. డొక్కలో గుచ్చుకునేదేమీ లేదు. నలభై రెండో నంబరు వెలిగింది. స్కూలు యూనిఫాంలో ఓ అమ్మాయి వచ్చి, కౌంటరు అంచు మీంచి నా ప్యాంటు వైపు ఒకసారి, చొక్కా వైపు ఒకసారి చూసి, తన సిమ్ము పనిచెయ్యడం లేదని మెల్లగా చెప్పింది.

"చూద్దాంలే అమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆ పిల్ల "ఏంటండీ?" అని ముందుకి వంగింది.

మళ్ళీ చెప్పాను.

ఆ రోజు లేవకూడదని ఎవరూ అనలేదు. కెమెరా అనలేదు, కోడు అనలేదు. నీళ్ళసీసా చెమర్చి దాని చుట్టూ కౌంటరు మీద మడుగు కట్టింది. ఐదింటికి లవీనియా వచ్చి లైట్లు ఆర్పేదాకా నేను ఆ కుర్చీలోంచి కదల్లేదు.